ఇనుప ఓడ పాఠం: మన తరగతి గదిలో ఏ తత్వం నడుస్తోంది?

డీఎస్సీకి చదివేవాళ్లందరికీ ‘విద్యా దృక్పథాలు’ అనే విభాగం తెలుసు. ప్లేటో అంటే భావవాదం, రూసో అంటే ప్రకృతివాదం, డ్యూయీ అంటే వ్యవహారిక సత్తావాదం, ఫ్రోబెల్ అంటే కిండర్‌గార్టెన్, గాంధీజీ అంటే నయీ తాలీమ్. విశాఖ ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లలో ఇవన్నీ బిట్లు. ‘జతపరచండి’ కింద వస్తాయి. ఏళ్ల తరబడి కష్టపడి ఉద్యోగం తెచ్చుకున్నాక, బడిలో అడుగుపెట్టిన టీచరుకు ఆ జతలు దాదాపు గుర్తుకే రావు. తన చిన్నప్పుడు మాస్టారు ఎలా చెప్పారో అదే గుర్తుకొస్తుంది. చెయ్యి దానంతట అదే చాక్‌పీసు వైపు వెళ్తుంది.

అయినా మొదటి పీరియడ్ నుంచీ ఆ టీచరు ఏదో ఒక తత్వం ప్రకారమే నడుస్తుంటారు. తరగతిలో ముందు ఎవరు మాట్లాడాలి, తప్పు జవాబు వస్తే ఏం చేయాలి, నోట్సు బోర్డు మీద రాసివ్వాలా లేక పిల్లలే సొంతంగా రాసుకోవాలా, వెనక బెంచీ కుర్రాడు పాఠంలో లేని ప్రశ్న అడిగితే ఆగి వినాలా? ఇలాంటి చిన్న చిన్న నిర్ణయాల వెనక మూడు పెద్ద ప్రశ్నలున్నాయి. జ్ఞానం అంటే ఏమిటి, పిల్లవాడు ఎవరు, బడి దేనికి? టీచరు వీటికి జవాబులు ఆలోచించి ఎంచుకోవచ్చు, లేదా అవి అలవాటుగా వచ్చి కూర్చోవచ్చు. మన బడుల్లో రెండోదే ఎక్కువ జరుగుతోంది. అందుకే ఈ వాదాలను బిట్ల నుంచి బయటికి తీసి, ఒక పాఠం మీద పెట్టి చూడడం అవసరం.

విశాఖకు తగిన పాఠమే తీసుకుందాం. బీచ్ రోడ్డు మీద నిలబడితే, పోర్టులో బెర్తు కోసం లంగరు వేసుకుని ఎదురుచూసే ఓడలు దూరంగా వరసలో కనిపిస్తాయి. స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి ఓడ ‘జల ఉష’ 1948లో ఇక్కడి సింధియా షిప్‌యార్డులోనే నీళ్లలోకి దిగింది. ఇలాంటి ఊళ్లో హైస్కూలు పిల్లలకు తేలడం, మునగడం గురించి చెప్పాలి. ప్రశ్న ఒక్కటే. ఇనుప మేకు మునిగిపోతుంది, వేల టన్నుల ఇనుప ఓడ ఎందుకు మునగదు?

ఒక టీచరు నేరుగా విషయంలోకి వెళ్తారు. బోర్డు మీద సాంద్రత నిర్వచనం, దాని కింద ఆర్కిమెడిస్ సూత్రం, ఒక లెక్క చేసి చూపించి, నాలుగు లెక్కలు ఇంటికి. దీన్ని సారవాదం అంటారు. పెద్దతరం కూడబెట్టిన జ్ఞానంలో ముఖ్యమైనదాన్ని ఏరి, వరస తప్పకుండా, క్రమశిక్షణతో తర్వాతి తరానికి అందించడమే బడి పని అని దీని మాట. అమెరికాలో విలియం బ్యాగ్లీ 1938లో ఈ వాదాన్ని ఒక ప్రకటనలా ముందుకు తెచ్చాడు. దీన్ని పాతచింతకాయ పచ్చడి అని తీసిపారేయడం తేలిక, కానీ అది అన్యాయం. ఇంట్లో చదువుకున్నవాళ్లు ఎవరూ లేని పిల్లకు ఆర్కిమెడిస్ పేరు వినిపించే చోటు బడి ఒక్కటే. టీచరు నోరు తెరిచి స్పష్టంగా చెప్పకపోతే ఆ పిల్లకు ఇంకెవరు చెబుతారు? డబ్బున్నవాళ్ల పిల్లలు ట్యూషన్‌లో నేర్చుకుంటారు, లేనివాళ్ల పిల్లలు అక్కడే ఆగిపోతారు. సారవాదంలో ఉన్న ఈ న్యాయాన్ని, బోధనలో కొత్తదనం కోరేవాళ్లు తరచుగా మరిచిపోతారు.

దీనికి దగ్గరి బంధువు శాశ్వతవాదం. కాలం మారినా మారని సత్యాలు, గొప్ప గ్రంథాలు చదువుకు కేంద్రంగా ఉండాలంటుంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931 నుంచి 1936 వరకు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు. మనిషి అంతరంగాన్ని తీర్చిదిద్దడమే చదువు అనే భావవాద దృష్టికి ఆయనే మనకు దగ్గరి ఉదాహరణ. హైస్కూలు సైన్సు పీరియడ్‌లో దీని పాత్ర తక్కువ కాబట్టి ముందుకు పోదాం.

సారవాదం దారి తప్పితే బట్టీ అవుతుంది. అయితే ఈనాడు విశాఖలో, నిజానికి రాష్ట్రమంతటా, ఎక్కువ గదుల్లో నడుస్తున్నది సారవాదం కూడా కాదు, ప్రవర్తనావాదం. అమెరికా మనస్తత్వవేత్త స్కిన్నర్ చెప్పింది సూటిగా ఇది: నేర్చుకోవడం అంటే ప్రవర్తనలో మార్పు. పనిని చిన్న మెట్లుగా విడగొట్టు, సరైన స్పందన వచ్చిన వెంటనే ప్రోత్సాహం ఇవ్వు, అది గట్టిపడేదాకా మళ్లీ మళ్లీ చేయించు. ఇంటర్ కార్పొరేట్ కాలేజీల టైం టేబుల్ చూస్తే ఇది ఎక్కడుందో తెలుస్తుంది. పొద్దున స్టడీ అవర్, క్లాసు, మళ్లీ స్టడీ అవర్, వారం చివర టెస్టు, గోడ మీద ర్యాంకుల లిస్టు, మార్కులను బట్టి సెక్షన్ మార్పు. ఒక కుర్రాడు తేలే వస్తువుల మీద రెండు వందల బిట్లు చేస్తాడు. ఇరవయ్యో బిట్టు దగ్గరికి వచ్చేసరికి ప్రశ్న పూర్తిగా చదవకముందే ఏ ఫార్ములా వేయాలో చేతికి తెలిసిపోతుంది.

ఇది పనిచేయదు అనడం అబద్ధం. కొలిచే విషయంలో పనిచేస్తుంది. ఎక్కాలు, స్పెల్లింగులు, సమీకరణాల సాధన, వీణ మీద సరళీ వరసలు అన్నీ సాధనతోనే వస్తాయి, ప్రవర్తనావాదులు దాన్ని శాస్త్రంగా చేశారు. ఇబ్బంది ఎక్కడంటే, ఈ పద్ధతిలో తప్పు అనేది వెంటనే తుడిచేయాల్సిన మరక. అది పిల్లవాడి ఆలోచనలోకి తెరుచుకున్న కిటికీ అని చూడడానికి ఇందులో చోటు లేదు. ‘ఓడ లోపల గాలి ఉంది కాబట్టి తేలుతుంది’ అని ఒక పిల్ల అంటే, ‘రాంగ్, నెక్స్ట్’ అని ముందుకు పోతారు. నిజానికి ఆ జవాబులో సగం నిజం ఉంది. ఇనుము, లోపలి గాలి కలిపి చూస్తే ఓడ మొత్తం సగటు సాంద్రత నీటి కన్నా తక్కువ. ఆ సగం నిజాన్ని పట్టుకుంటే రెండు నిమిషాల్లో అసలు విషయానికి చేరవచ్చు. ఆ రెండు నిమిషాలే దొరకవు. ర్యాంకుల లిస్టు తెచ్చే టెన్షన్ పిల్లల ఆరోగ్యానికి ఏం చేస్తోందో ప్రతి తల్లికీ తెలుసు. దాన్ని ‘పోటీ ప్రపంచం’ అని సర్దిచెప్పుకోవడం మానాలి.

మూడో టీచరు బకెట్టుతో క్లాసుకు వస్తారు. నిండా నీళ్లు. పక్కన ఒక స్టీలు స్పూను, ఒక పల్చటి స్టీలు గిన్నె, పిల్లలు బొమ్మలు చేసుకునే క్లే ముద్ద. ముందు అడుగుతారు: ఏది మునుగుతుంది, ఏది తేలుతుంది? చేతులెత్తించి బోర్డు మీద లెక్క రాస్తారు. స్పూను మునుగుతుంది, అందరూ సరిగ్గా చెప్పారు. గిన్నెను మెల్లగా నీటి మీద పెడితే తేలుతుంది. సగం మంది ‘స్టీలే కదా, మునగాలి కదా’ అంటారు. ఇప్పుడు క్లే ముద్దను ఉండగా చేసి వేస్తారు, మునిగిపోతుంది. అదే క్లేను బయటికి తీసి, తుడిచి, ప్రమిదలా ఒత్తి మళ్లీ పెడతారు. ఈసారి తేలుతుంది. బరువు మారలేదు, పదార్థం మారలేదు, ఆకారం మాత్రమే మారింది. గది నిశ్శబ్దమయ్యే క్షణం అదే. తర్వాత ప్రమిదలో ఒక్కొక్క రూపాయి బిళ్ల వేస్తుంటే అది కొంచెం కొంచెంగా దిగుతూ, ఒక బిళ్ల దగ్గర నీళ్లు అంచు దాటి లోపలికి వచ్చి మునుగుతుంది.

ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి వచ్చే కుర్రాడు ఆ క్లాసులో ఉంటే ఇక్కడ నోరు తెరుస్తాడు. ‘మా బోటు కూడా అంతే సార్. ఐసు ఎక్కించాక దిగిపోద్ది. చేపలతో వచ్చేటప్పుడు ఇంకా దిగిపోద్ది.’ బరువు పెరిగితే పడవ ఎక్కువ నీటిని పక్కకు తోస్తుంది, ఆ తోసిన నీటి బరువు పడవ బరువుకు సమానమయ్యేదాకా దిగుతుంది. ఆర్కిమెడిస్ సూత్రం అతని ఇంట్లో రోజూ జరుగుతోంది. బడికి, ఇంటికి మధ్య ఉన్న గోడ ఆ నిమిషంలో కొంచెం కూలుతుంది.

అమెరికా తత్వవేత్త జాన్ డ్యూయీ కోరుకున్నది ఇదే. బిట్లలో దీని పేరే వ్యవహారిక సత్తావాదం. 1896లో షికాగో విశ్వవిద్యాలయంలో ఆయన మొదలుపెట్టిన ప్రయోగశాల బడిలో పిల్లలు వంట చేశారు, నేత నేశారు, వడ్రంగం పని చేశారు, వాటి వెంట లెక్కలు, చరిత్ర, సైన్సు నేర్చుకున్నారు. చదువు రేపటి జీవితానికి తయారీ మాత్రమే కాదు, ఇప్పటి జీవితం కూడా అని ఆయన నమ్మకం. మన దేశంలో ఇదే ఆలోచన మరో దారిలో వచ్చింది. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ చేతిపని కేంద్రంగా ప్రాథమిక విద్య ఉండాలని ప్రతిపాదించారు. అదే నయీ తాలీమ్. దానికి పాఠ్యప్రణాళిక రాసిన కమిటీకి అధ్యక్షుడు జాకిర్ హుస్సేన్. ఆయన పుట్టింది హైదరాబాదులో. రాధాకృష్ణన్ తర్వాత రాష్ట్రపతి అయింది ఆయనే. తకిలీ మీద నూలు వడుకుతూ లెక్కలు నేర్చుకోవడం ఒక ఉదాహరణ. విశాఖ తీరంలో ఆ చేతిపని వల అల్లడమో, తెప్ప కట్టడమో అయి ఉండేది. పిల్లల పనితో బడి ఖర్చు కొంతైనా వెళ్లాలన్న మాట మీద అప్పట్లోనే విమర్శలు వచ్చాయి. అది సబబైన విమర్శే. కానీ చేతికీ బుర్రకూ మధ్య గీత గీయకూడదన్న అసలు మాట మాత్రం ఇప్పటికీ పచ్చగానే ఉంది.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. బకెట్టు తెచ్చిన ప్రతి క్లాసులోనూ చదువు జరగదు. యాభై మంది పిల్లల్లో ముందు వరస పదిమందికే నీళ్లు కనిపిస్తాయి. గిన్నె తేలింది, అందరూ చప్పట్లు కొట్టారు, బెల్లు మోగింది, సూత్రం మాత్రం ఎవరి నోటా రాలేదు. ఆర్కిమెడిస్ అంతటివాడు కనిపెట్టినదాన్ని నలభై నిమిషాల్లో పిల్లలే ‘కనుగొనాలి’ అని ఎదురుచూడడం వాళ్లకు భారమే. కిర్ష్నర్, స్వెల్లర్, క్లార్క్ అనే ముగ్గురు విద్యా పరిశోధకులు 2006లో ఈ విషయం మీద గట్టి వాదన చేశారు. ఒక విషయానికి కొత్తవాళ్లయిన విద్యార్థులకు, తక్కువ మార్గదర్శనంతో వదిలేసే పద్ధతుల కన్నా, చేసి చూపించి వివరించే పద్ధతే మేలు, ఎందుకంటే పని జ్ఞాపకశక్తికి (ఆలోచిస్తున్నంతసేపు విషయాన్ని మనసులో పట్టి ఉంచేదానికి) ఒకేసారి మోయగలిగే బరువు చాలా తక్కువ అని. డ్యూయీ తానే 1938లో, తన పేరు చెప్పి నడుస్తున్న కొన్ని బడులను మందలించాడు. అనుభవాలన్నీ చదువు కావు, కొన్ని అనుభవాలు చదువుకు అడ్డం కూడా పడతాయి అని. బ్యాగ్లీ ప్రకటన వచ్చిందీ అదే ఏడు. రెండు వైపులవాళ్లూ ఒకే సంవత్సరంలో ఒకే బలహీనత మీద వేలు పెట్టారు.

ఆ ఖాళీని నింపింది వైగోట్‌స్కీ ఆలోచన. 1934లోనే చిన్న వయసులో పోయిన ఈ రష్యన్ మనస్తత్వవేత్త, పిల్లవాడు ఒంటరిగా చేయగలిగినదానికీ, పెద్దల సాయంతో చేయగలిగినదానికీ మధ్య ఉన్న జాగాలోనే బోధన జరగాలన్నాడు. మేస్త్రీ గోడ కట్టడానికి పరంజా కడతాడు, గోడ నిలబడ్డాక విప్పేస్తాడు. టీచరు ప్రశ్న, సూచన, సగం చేసి చూపిన లెక్క అలాంటి పరంజాయే. పిల్లలు తమ అవగాహనను తామే కట్టుకుంటారని నమ్మే, నిర్మాణవాదం అని ఇప్పుడు మనం పిలిచే బోధనకు ఆయనా, స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త పియాజే మూలస్తంభాలు. ఈ వాదంలో టీచరు పని తగ్గదు, పెరుగుతుంది. ఏ పిల్ల ఎక్కడ ఆగిందో తెలుసుకుని, సరిగ్గా అక్కడికే సాయం అందించాలి. ‘పిల్లలే నేర్చుకుంటారు, టీచరు పక్కన నిలబడితే చాలు’ అనే ప్రచారం ఈ వాదానికి చాలా చెడ్డపేరు తెచ్చింది.

నాలుగో టీచరు ఓడను వదలరు, కానీ ప్రశ్న మారుస్తారు. ఈ ఓడలో ఏముంది? బొగ్గు, ఇనుప ఖనిజం. ఆ ధూళి ఎవరి ఇళ్ల మీద పడుతోంది? పాత పట్నంలో ఉండే పిల్లలకు ఈ జవాబు వెతకనక్కర్లేదు, కిటికీ చెక్క మీద వేలు పెడితే చాలు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల చేపల వేట నిషేధం ఎందుకు పెట్టారు, ఆ రోజుల్లో మత్స్యకారుల ఇల్లు ఎలా గడుస్తుంది, చేపలు గుడ్లు పెట్టే కాలానికీ దానికీ సంబంధం ఏమిటి? ఇది పునర్నిర్మాణవాదం. బడి సమాజాన్ని ఉన్నదున్నట్టు అప్పజెప్పకూడదు, ప్రశ్నించడం నేర్పాలి అంటుంది. బ్రెజిల్‌లో రైతులకు, కూలీలకు అక్షరాలు నేర్పిన పాలో ఫ్రెయిరీ దీనికి గట్టి గొంతు. టీచరు డబ్బు వేస్తుంటే పిల్లలు ఖాతాలా దాచుకుని పరీక్షనాడు తిరిగి ఇచ్చే చదువును ఆయన బ్యాంకు చదువు అన్నాడు. 1964లో సైన్యం అధికారం పట్టాక జైల్లో పెట్టారు, తర్వాత ఏళ్ల తరబడి దేశం వదిలి బతకాల్సి వచ్చింది. ఈ దారిలో ఒక ప్రమాదం ఉంది. టీచరు తన అభిప్రాయాన్నే పిల్లల ప్రశ్నగా మార్చేయవచ్చు, అప్పుడది మరో రకం బట్టీ అవుతుంది. కానీ సాంద్రత తెలియకుండా ధూళి గురించి కోపం మాత్రమే తెలిసిన పిల్లకూ, ధూళి ఊసే లేకుండా సాంద్రత తెలిసిన పిల్లకూ సగం చదువే దక్కింది.

అస్తిత్వవాదం గురించి ఒక్క మాట. నీ దారి నువ్వే ఎంచుకో, దానికి బాధ్యత నీదే అనే ఈ తత్వం మన ఊళ్లో పదో తరగతి ఫలితాల మర్నాడు అక్కరకు రావాలి. ఎంపీసీనా, బైపీసీనా అన్న నిర్ణయం ఆ రోజు ఇంట్లో పెద్దవాళ్లు తీసుకుంటారు. అడగాల్సిన పిల్లను అడగరు.

ఈ వాదాలన్నీ పడమటి దేశాల నుంచి దిగుమతి అయ్యాయనుకుంటే పొరపాటు. వీధి బడుల్లో ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దడం, పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నదే. మద్రాసులో అనాథ పిల్లల శరణాలయాన్ని నడిపిన ఆండ్రూ బెల్ దాన్ని చూసి, తన బడిలో అమలు చేసి, 1797లో ఇంగ్లండులో పుస్తకంగా వేశాడు. అక్కడ అది ‘మద్రాసు పద్ధతి’ పేరుతో వందల బడుల్లో నడిచింది. మన పద్ధతిలోని లోపాన్ని కూడా అప్పుడే గుర్తించారు. బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో రాసిన నివేదికలో, పిల్లలు పద్యాలు చిలకల్లా వల్లెవేస్తున్నారని, ఆ భాష వాళ్లు మాట్లాడే భాష కాదు కాబట్టి అర్థం తెలియడం లేదని అన్నాడు. ఆయన తెలుగు వ్యాకరణం రాసినవాడు, తెలియక అన్న మాట కాదు.

ఆ మాట దగ్గరే ఉత్తరాంధ్ర చేసిన గొప్ప పని మొదలవుతుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ యేట్స్, విశాఖ ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, విజయనగరంలో గురజాడ, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి కలిసి, బడి పుస్తకం జనం మాట్లాడే తెలుగులో ఉండాలని పట్టుబట్టారు. గిడుగు అక్కడితో ఆగలేదు. సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాసి, బడులు పెట్టి చెప్పించారు. డ్యూయీ బడికి ఏమాత్రం తీసిపోని ప్రయోగం అది, మన గుమ్మం ముందే జరిగింది. డీఎస్సీ పుస్తకాల్లో రూసోకు ఉన్నంత చోటు ఆయనకు ఇవ్వకపోవడం మన లోపం. దాదాపు వందేళ్ల తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, కోయ వంటి ఎనిమిది భాషల్లో చిన్న తరగతుల బోధన మొదలైంది. పాడేరు, అరకు కొండల్లో ఒకటో తరగతి పిల్లకు బడి మొదటిరోజు భయం తగ్గించింది ఆ పుస్తకాలే.

ఓడ పాఠంలోనూ ఇదే సమస్య ఉంది. గిన్నెను నీటిలోకి అదిమిన పిల్ల ‘కింద నుంచి పైకి తోస్తోంది’ అంటుంది. పాత తెలుగు పుస్తకంలో దాని పేరు ఉత్ప్లవన బలం. ఇంగ్లిష్ మీడియంలో బయాన్సీ. వేలి కింద తగిలిన తోపుడుకూ, పుస్తకంలో ఉన్న మాటకూ మధ్య వంతెన వేయకపోతే, ఏ తత్వం పెట్టుకున్నా ఆ పిల్లకు మిగిలేది ఒక అర్థంకాని పదమే. రాష్ట్రంలో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు రావడం ఈ దిశలో మంచి అడుగు. కానీ తెలుగు పేజీలో కూడా ఉత్ప్లవనమే ఉంటే, రెండు పేజీలూ పిల్లకు సమాన దూరంలోనే ఉంటాయి.

మరి ఈ నాలుగు దారుల్లో టీచరు ఏది ఎంచుకోవాలి? కాగితం మీద దేశం ఎప్పుడో ఎంచుకుంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం నిర్మాణవాదాన్ని నిలబెట్టింది. 2009 విద్యాహక్కు చట్టం కృత్యాలు, అన్వేషణ ద్వారా నేర్చుకోవాలని రాసుకుంది. 2020 విద్యా విధానమూ బట్టీ వద్దంది. ఒకే పాఠంలో అయితే నాలుగూ అవసరమవుతాయి. బకెట్టుతో మొదలుపెట్టి, స్పష్టంగా వివరించి, తగినన్ని లెక్కలు చేయించి, ఓడలో ఏముందో అడిగి ముగించవచ్చు. మంచి టీచర్లు వాదాల పేర్లు తలచుకోకుండానే ఇలా చేస్తున్నారు. వాళ్లను ఆపుతున్నది సిలబస్, దాని కన్నా ఎక్కువగా ప్రశ్నపత్రం. చట్టంలో ఉన్న తత్వం ఒకటైతే, మార్చి నెలలో పరీక్ష హాల్లో ఉన్న తత్వం ఇంకొకటి. పిల్లలు, తల్లిదండ్రులు, టీచర్లు రెండోదాన్నే నమ్ముతారు. వాళ్ల తప్పేమీ లేదు, పిల్లవాడి భవిష్యత్తు దాని మీదే నడుస్తోంది.

‘ఆర్కిమెడిస్ సూత్రం రాసి వివరించండి’ అని ఏటా అడిగితే ఏ బడిలోనూ బకెట్టు అక్కర్లేదు. దాని బదులు ఇలా అడగవచ్చు: ‘కోల్‌కతాలో హుగ్లీ నది నీటిలో సరుకు నింపుకున్న ఓడ సముద్రం మీదుగా విశాఖ వచ్చింది. దారిలో ఇంధనం తగ్గడాన్ని పక్కన పెడితే, ఓడ ఇక్కడ ఇంకొంచెం దిగుతుందా, పైకి లేస్తుందా? ఎందుకు?’ సముద్రపు నీటి సాంద్రత మంచినీటి కన్నా రెండున్నర శాతం ఎక్కువ, కాబట్టి అదే బరువును మోయడానికి తక్కువ నీటిని పక్కకు తోస్తే సరిపోతుంది. ఓడ పైకి లేస్తుంది. ఓడల పక్క భాగాన మంచినీటికి ఒక గీత, సముద్రానికి ఇంకో గీత వేసి ఉండేది ఇందుకే. ఇలాంటి ప్రశ్న ఒక్కసారి వస్తే మరుసటి ఏడాది ఉప్పునీళ్ల గ్లాసు, కోడిగుడ్డు క్లాసులోకి వస్తాయి. రెండో ఏడాదీ అదే ప్రశ్న ఇస్తే అది గైడులో చేరి, మూడో ఏడాదికి బిట్టుగా మారిపోతుంది. అందుకని ప్రశ్న తయారుచేసేవాళ్లు ఏటా పోర్టు వైపు, పొలం వైపు, వంటింటి వైపు కొత్తగా చూడాల్సి ఉంటుంది. ఆ పనికి మనుషులను కేటాయించి, సమయం ఇచ్చి, వాళ్లకు శిక్షణ ఇచ్చే ఏర్పాటు ఇప్పటికైతే చాలా తక్కువ.